పిల్లలకి ఆర్ట్ క్లబ్ పెట్టాలంటే: ఇల్లు మేలా, హాలు మేలా, బడి మేలా?

పిల్లలకి ఆర్ట్ క్లబ్ పెడదామనుకునే అమ్మానాన్నలు ముందు అడిగేది ఏ రంగులు కొనాలి, ఏ బొమ్మలు వేయించాలి అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ పెడతారన్నది. ఎంతమందిని తీసుకోవచ్చు, ఎంతసేపు నడపొచ్చు, చివర్లో ఎవరు తుడవాలి అన్నవన్నీ చోటుని బట్టే తేలతాయి.

ఇంట్లో అయితే మొదలుపెట్టడం తేలిక. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, సామాను మోసే పని లేదు, కుళాయి పక్కనే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద లాభం ఆరబెట్టుకునే చోటు. గాలికి ఆరే మట్టితో ఏదైనా చేయిస్తే అది గట్టిపడటానికి మందాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అద్దె హాల్లో మన గంట అయ్యేసరికి తర్వాతి వాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉంటారు, ఆ తడి బొమ్మల్ని ఎక్కడ దాస్తాం? అదే హాల్లో నీళ్ళ కప్పు బోర్లా పడితే ఎవరి గుండే జారదు, ఇంట్లో అయితే పిల్లాడు బ్రష్ విదిల్చినప్పుడల్లా మన కళ్ళు సోఫా మీదే ఉంటాయి, అది చూసి పిల్లలు కూడా బిగుసుకుపోతారు. అంటే రంగు ఒలకడానికి హాలు మేలు, ఆరడానికి ఇల్లు మేలు. పోస్టర్ కలర్ పల్చగా వేస్తే తొందరగానే ఆరుతుంది కాబట్టి హాల్లో పెట్టేవాళ్ళు దాంతో సరిపెట్టుకుని, మట్టిపని పక్కన పెట్టడం మంచిది.

ఇంట్లో ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది ముందుగా ఊహించరు. అది మన బిడ్డే. తన ఇల్లు, తన బల్ల, తన అమ్మ, ఇవన్నీ ఉన్నట్టుండి ఐదుగురితో పంచుకోవాలంటే నాలుగైదేళ్ళ పిల్లకి ఎంత కష్టమో ఆలోచించండి. అమ్మ పక్కింటి పిల్లాడి బొమ్మ బాగుందంటే చాలు, ఇటు పక్క ఏడుపు మొదలు. వాళ్ళ సొంత క్రేయాన్ల డబ్బా, ఇష్టమైన ఆటవస్తువులు ముందే వేరే గదిలో పెట్టేస్తే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు. బయట హాల్లో ఈ బాధ బాగా తక్కువ, ఎందుకంటే అక్కడ ఎవరి ఇల్లూ కాదు.

మూడోది బడి. అక్కడ పిల్లలు అప్పటికే ఉంటారు, బల్లలు, కుళాయిలు ఉంటాయి, అడిగితే ఒక అలమర కూడా ఇస్తారేమో. కానీ బడి అయిపోయాక పెట్టే గంటలో పిల్లలు అలిసిపోయి ఉంటారు, ముందు పావుగంట వాళ్ళని వదిలేయాల్సిందే. పైగా బడిలో పెట్టిన ఏదైనా మెల్లగా క్లాసుగా మారిపోతుంది. గోడకి ఏం అంటిద్దాం, పోటీకి ఎవరిని పంపిద్దాం అని అడగడం మొదలవుతుంది. అది మీకు ఇష్టమైతే బడి బాగానే ఉంటుంది. నాకైతే ఇష్టం లేదు.

నా తీర్పు ఇది: పిల్లలు ఏడేళ్ళలోపు వాళ్ళయి, ఐదారుగురే అయితే ఇల్లు. అంతకు మించితే, లేదా మీ బిడ్డ అస్సలు సర్దుకోకపోతే హాలు. ఎక్కడ పెట్టినా పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఒకరు బాత్రూంకి తీసుకెళ్తే ఇంకొకరు కత్తెరల దగ్గర ఉండాలి కదా. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, ఎలర్జీలు, ఎవరు వచ్చి తీసుకెళ్తారు, ఫొటోలు తీసి పెట్టొచ్చా లేదా అన్నవి మొదటి రోజే రాసి పెట్టుకోండి.

ఇక రెండో పెద్ద తేడా: అందరి చేతా ఒకే బొమ్మ వేయించడమా, సామాను ముందు పెట్టి మీ ఇష్టం అనడమా. ఇది పాత తగువే. ఫ్రాంజ్ సిజెక్ అనే ఆయన 1897లో వియన్నాలో పిల్లల కోసం ఒక ఆర్ట్ క్లాసు పెట్టి, పెద్దల బొమ్మలు చూసి కాపీ కొట్టించే పద్ధతిని వదిలేసి, పిల్లలు తమకి తోచింది వేసేలా చూశాడు. అప్పటికది వింత. ఇప్పుడు మాటవరసకి అందరం ఒప్పుకుంటాం గానీ, మన క్లబ్బులు చూస్తే పదిమంది చేతుల్లో పది ఒకే రకం సీతాకోకచిలుకలు ఉంటాయి.

ఒకే బొమ్మ పద్ధతిలో మంచి లేకపోలేదు. బెరుకు పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది, సామాను ముందే కత్తిరించి పెట్టుకోవచ్చు, ఇంటికెళ్ళాక ఇదేంటి అని ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే ఆ సీతాకోకచిలుక ఎక్కువగా పెద్దవాళ్ళ సంతోషం కోసమే. నాలుగైదేళ్ళ వాళ్ళకి ఆ గీతలోపల రంగు నింపడం పెద్ద హింస, వాళ్ళకి కావాల్సింది రంగు మీద రంగు వేస్తే ఏమవుతుందో చూడటం. వాళ్ళని వదిలేయండి.

కానీ తొమ్మిది, పదేళ్ళ పిల్లల్ని ఊరికే వదిలేస్తే ఖాళీ కాగితం ముందు కూర్చుండిపోతారు. ఆ వయసులో బొమ్మ నిజం వస్తువులా ఉండాలన్న పట్టుదల వస్తుంది, అలా రాకపోతే నాకు రాదు అనేసి కాగితం నలిపేస్తారు. వాళ్ళకి పని నేర్పాలి, బొమ్మ మాత్రం ఎవరిది వాళ్ళే తేల్చుకోవాలి. ఉదాహరణకి ఒక రోజు ఎరుపు, పసుపు, నీలం, తెలుపు మాత్రమే ఇచ్చి మిగతా రంగులన్నీ కలుపుకోమనండి. మామూలు ఎరుపులో నీలం కలిపితే ఊదా రాదు, బురద రంగు వస్తుంది, శుభ్రమైన ఊదా కావాలంటే మెజెంటా, అంటే ముదురు గులాబీ లాంటి ఎరుపు, వాడాలి. పిల్లలు దీన్ని వాళ్ళంతట వాళ్ళే పట్టుకున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి! ఇంకో రోజు బ్రష్షులే ఇవ్వకుండా చింపిన కాగితాలతో చేయించండి. హద్దు పెడితే పెద్ద పిల్లలకి ధైర్యం వస్తుంది, చిన్నవాళ్ళకి ఆ హద్దే అడ్డం. నలుపు సీసా మాత్రం మొదటి వారాల్లో ఎవరికీ ఇవ్వకండి, అరగంటలో అన్ని రంగులూ దాని పాలవుతాయి.

రంగుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. ఆక్రిలిక్ మెరుస్తూ అందంగా ఉంటుంది గానీ, ఆరాక ప్లాస్టిక్‌లా అయిపోతుంది, బట్టల మీద పడి ఎండితే పోదు, బ్రష్ కడగడం మర్చిపోతే ఆ బ్రష్ ఇక పనికిరాదు. వాటర్ కలర్‌కి మంచి మందం కాగితం కావాలి, 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) అయితే నిబ్బరంగా ఉంటుంది, ప్రింటర్‌లో పెట్టే 80 జీఎస్ఎం కాగితం తడవగానే ముడుచుకుపోతుంది. అందుకే క్లబ్బుకి నీళ్ళతో కడిగితే పోయే పోస్టర్ కలరే నా ఓటు. చేతివేళ్ళతో పూసే రంగులకి యూరప్ ఆటవస్తువుల ప్రమాణం ఈఎన్ 71లో 7వ భాగం ప్రత్యేకంగా ఉంది, డబ్బా మీద అలాంటి గుర్తు ఉందో లేదో చూసి కొనండి. బంకమట్టి వాడితే చేతులు సింకులో కడిగించకండి, పైపు పూడుకుపోతుంది. బకెట్లో కడిగించి, మట్టి అడుక్కి చేరాక పైనీళ్ళు వంచేయండి. బల్లని తడిగుడ్డతో తుడవండి, చీపురు వేస్తే సిలికా ఉన్న ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఒకే వయసు వాళ్ళా, అన్ని వయసుల వాళ్ళా? కలిపితే అందంగా ఉంటుందని అందరూ అంటారు, నిజమే, పెద్ద పిల్లల్ని చూసి చిన్నవాళ్ళు చాలా నేర్చుకుంటారు. కానీ నడిపేది ఒక్కరే అయితే వద్దు. చిన్నవాళ్ళు ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటారు, పెద్దవాళ్ళకి గంట కూడా చాలదు, మధ్యలో మీరు నలిగిపోతారు.

ఫ్రీగా నడపాలా, డబ్బు తీసుకోవాలా అన్నదానికి నాకు పెద్ద సందేహం లేదు. సామాను ఖర్చు లెక్కేసి, రెండు మూడు నెలలకి కలిపి ముందే తీసుకోండి. వచ్చిన రోజుకే ఇవ్వండి అంటే చినుకు పడ్డ రోజు ఎవరూ రారు, కలిపి పెట్టిన రంగులు ఎండిపోతాయి. పూర్తిగా ఫ్రీ అంటే నాలుగో వారానికి మీరు ఆయాగా మారిపోతారు, సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు కూడా ఆలస్యంగానే వస్తారు. డబ్బు ఇవ్వలేని వాళ్ళుంటే ఆ ఇంటి పెద్దవాళ్ళనే మీకు కావాల్సిన రెండో మనిషిగా పిలవండి.