పీసీఎస్ఎక్స్2: పాత ప్లేస్టేషన్ ఆటలు వెడల్పు తెర మీద ఎలా ఉన్నాయి?

పీసీఎస్ఎక్స్2 అనే ఉచిత ఎమ్యులేటర్ ప్లేస్టేషన్ 2 ఆటలను కంప్యూటరులో నడుపుతుంది. 2000లో విడుదలైన కన్సోల్ ఆటలను నేటి టీవీలో వికారంగా సాగదీయకుండా నిండుగా చూపగలదా అన్న ఒక్క అంశానికే ఈ సమీక్ష పరిమితం. బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లు కలిసి ఉంటున్న ఇళ్లలో, ఊరి నుంచి తెచ్చుకున్న పీఎస్2ను పెద్ద టీవీకి తగిలించి, పాత్రలన్నీ పొట్టిగా లావుగా కనబడుతుంటే అలాగే సర్దుకుపోయేవారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఆ ఆటల్లో ఎక్కువ భాగం 4:3 తెర (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) కోసం తయారైనవి. 1920×1080 తెర మీద 4:3 బొమ్మ 1440 పిక్సెళ్ల వెడల్పు వరకే వస్తుంది, ఇరువైపులా 240 పిక్సెళ్ల చొప్పున నల్లగా మిగిలిపోతుంది. రిమోటుతో బొమ్మను సాగదీస్తే ఆ నలుపు పోతుంది గానీ, ప్రతి వస్తువూ ఉండవలసినదానికంటే మూడో వంతు వెడల్పెక్కుతుంది. పీసీఎస్ఎక్స్2లోని వైడ్‌స్క్రీన్ ప్యాచ్ ఇలా చేయదు; ఆట నడుస్తుండగా దృశ్యకోణాన్ని నిర్ణయించే విలువను మెమరీలోనే మార్చి, ఇంతకుముందు అంచులకు అవతల ఉండిపోయిన ప్రపంచాన్ని కూడా గీయిస్తుంది. మనుషుల కొలతలు చెక్కుచెదరవు, వీధి మాత్రం రెండు పక్కలా ఇంకొంత కనిపిస్తుంది. ఈ ఎమ్యులేటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

ప్యాచ్‌ను ఎంచుకోవడంతో పని పూర్తి కాదు, గ్రాఫిక్స్ అమరికల్లో తెర నిష్పత్తిని కూడా నేటి టీవీల వెడల్పుకు సరిపోయే 16:9 చేయాలి. ప్యాచ్ పెట్టి నిష్పత్తిని మార్చకపోతే పాత్రలు సన్నగా నొక్కుకుపోతాయి, నిష్పత్తిని మాత్రమే మారిస్తే మళ్లీ పాత సాగుడే. మన దేశంలో అధికారికంగా అమ్మిన డిస్కులు పాల్ (PAL అనే టీవీ ప్రసార పద్ధతి) రకానివి కాబట్టి, అదే ఆట అమెరికా ప్రతికి రాసిన ప్యాచ్ వాటికి పనిచేయదన్నది గుర్తుంచుకోవాలి. 2005లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ వంటి ఆటల మెనూలోనే వెడల్పు తెర ఎంపిక ఉంది గనుక, వాటికి ప్యాచ్‌తో నిమిత్తం లేదు.

లోపాలూ ఉన్నాయి, అవి చాలావరకు ఆటల నిర్మాణంలోనివే. కన్సోల్ మీద భారం తగ్గించడానికి కొన్ని ఆటలు 4:3 అంచు దాటిన వస్తువులను గీయకుండా వదిలేస్తాయి, అందువల్ల కొత్తగా కనబడే పక్క భాగాల్లో చెట్లూ మనుషులూ ఉన్నట్టుండి మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతుంటారు. ప్రాణశక్తి పట్టీ, మ్యాప్ వంటి ద్విమితీయ బొమ్మలు కొన్ని ఆటల్లో సాగిపోయే ఉంటాయి. ముందే చిత్రించిన వీడియో సన్నివేశాలకు ప్యాచ్ ఏమీ చేయలేదు. అయితే అవి వచ్చినప్పుడు మాత్రం 4:3కి మారేలా ఎమ్యులేటర్‌లోనే విడిగా ఏర్పాటు ఉంది, దాన్ని తప్పక వాడమంటాను.

బయోస్ ఫైలును, అంటే కన్సోల్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్‌ను, సొంత కన్సోల్ నుంచే తీసుకోవాలి, ఎమ్యులేటర్‌తో పాటు అది రాదు. ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటు లేనివారు బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనుక్కుంటే తమ డిస్కుల నుంచే ఆటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. త్రిమితీయ ఆటలు ఆడేవారికి పీసీఎస్ఎక్స్2ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నేపథ్యాలను ముందే బొమ్మలుగా గీసిపెట్టిన 2001 నాటి ‘ఒనిముషా’ వంటివాటిలో అంచుకు అవతల చూపడానికి ఏమీ ఉండదు కాబట్టి, వాటిని నల్ల పట్టీలతో 4:3లోనే ఆడడం మేలు.