వంటింటి బోర్డుకు మెయిన్ వైరు: నాలుగు ఎంఎమ్మా, ఆరా, పదా? ఏది మేలు?

నల్లగొండలో ముప్పై ఏళ్ల కింద కట్టిన ఇళ్లలో వంటింటికి ఒక లైటు, ఒక ఫ్యాను, మిక్సీకి ఒక ప్లగ్గు ఉంటే చాలనుకునేవారు. ఆ మూడింటికీ పక్క గది నుంచి లాగిన ఒకే వైరు సరిపోయేది. ఇప్పుడు అదే గట్టు మీద ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, కెటిల్, చిమ్నీ, ఫ్రిజ్ వచ్చి చేరాయి. ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఎరిగిన జిల్లా కనుక నీళ్లు శుద్ధి చేసే యంత్రం కూడా చాలా ఇళ్లలో ఉంది. ఇటీవల నేను చూసిన ఒక ఇంట్లో మీటరూ మెయిన్ బోర్డూ ముందు వరండాలో ఉన్నాయి, వంటిల్లు వెనుక వైపున ఉంది, వైరు వెళ్లాల్సిన దారి కొలిస్తే 22 మీటర్లు వచ్చింది. వంటింటికి వేరే బోర్డు పెట్టాలా, పెడితే దానికి ఎంత మందం వైరు లాగాలి అన్నది ఆ ఇంటివారి ప్రశ్న.

ముందు లోడు లెక్క చూడాలి. ఉన్న పరికరాల వాట్లన్నీ కూడి వైరు కొనడం ఒక పొరపాటైతే, ఎప్పుడూ ఒక్కటే నడుస్తుందని అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఒకేసారి నడవగలిగినవి ఏవో ఇంట్లో వంట చేసేవారినే అడిగి తెలుసుకోవాలి. ఆ ఇంట్లో జొన్నరొట్టెలు ఎప్పటికీ గ్యాస్ మీదే చేస్తారు. కానీ సంక్రాంతికి చుట్టాలు దిగి, గ్యాస్ పొయ్యి మొత్తం సకినాల మూకుడుకే పోయినప్పుడు, అన్నం ఇండక్షన్ మీదికి, చాయ్ నీళ్లు కెటిల్‌లోకి మారతాయి. ఆ పూట లెక్క ఇది: ఇండక్షన్ 2000 వాట్లు, కెటిల్ 1500, మైక్రోవేవ్ 1400, మిక్సీ 750, ఫ్రిజ్ 200, చిమ్నీ 200, లైట్లు, ఫ్యాను, నీటి యంత్రం కలిపి 180. మొత్తం 6230 వాట్లు. 230 వోల్టుల వద్ద 27 ఆంపియర్లు. మైక్రోవేవ్ డబ్బా మీద 800 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా అది వంటకు అందే శక్తి మాత్రమేననీ, గోడ నుంచి అది లాగేది అంతకంటే బాగా ఎక్కువనీ గుర్తుంచుకోవాలి. రేపు గిన్నెలు కడిగే యంత్రమో, ఓటీజీయో (చిన్న కరెంటు ఓవెన్) వస్తే మరో 2000 వాట్లు చేరి కరెంటు 36 ఆంపియర్లకు చేరుతుంది. అమెరికా వీడియోలు చూసి వంటింటికి 60, 100 ఆంపియర్లు కావాలనేవారు కూడా ఉన్నారు. అక్కడ మామూలు ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులే కనుక అదే పనికి దాదాపు రెట్టింపు కరెంటు పారుతుంది. ఆ అంకెలు మనకు పనికిరావు.

బోర్డు లేకుండా మెయిన్ నుంచే నాలుగు విడి సర్క్యూట్లు లాగడం మొదటి దారి. మెయిన్ బోర్డు వంటింటి గోడకు అవతలే ఉంటే నేను ఇదే చేయమంటాను. అయిదారు మీటర్ల దూరానికి మరో డబ్బా, మరో నాలుగు బిగింపులు అనవసరం. 22 మీటర్ల దూరానికి మాత్రం ఇది తిరగబడుతుంది. షాపులో రెండున్నర ఎంఎం అని అడిగే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, గోడలోని పైపులో ఒంటరిగా ఉంటే, చుట్టూ 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు 24 ఆంపియర్లు మోస్తుందని అంతర్జాతీయ ప్రమాణ పట్టికలు చెబుతాయి. నాలుగు సర్క్యూట్లూ ఒకే పైపులో దూరితే ఒకదాని వేడి ఇంకొకదానికి తగిలి ఆ శక్తి 65 శాతానికి పడిపోతుంది. దానికి మన ఎండ కూడా తోడైతే మిగిలేది సుమారు 12 ఆంపియర్లే, అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయే స్విచ్చు) ఆ వైరును కాపాడలేదు. నాలుగు పైపులు వేరువేరుగా వేయాలంటే గోడను నాలుగు చోట్ల కోయాలి. కనుక ఈ ఇంటికి వంటింట్లోనే చిన్న బోర్డు పెట్టి, దానికి ఒకే మెయిన్ వైరు లాగడమే మేలు.

ఇక ఆ వైరు మందం సంగతి. ఈ నిర్ణయంలో చాలామంది వదిలేసే విషయం మే నెల. పట్టికల్లోని అంకెలు 30 డిగ్రీలకు రాసినవి. నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో వేసవి మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పీవీసీ తొడుగున్న వైరుకు 45 డిగ్రీల వద్ద మోసే శక్తి 79 శాతానికి, 50 డిగ్రీల వద్ద 71 శాతానికి తగ్గుతుంది. పైపు మిద్దె స్లాబులోంచి వెళ్తే, రోజంతా ఎండను తాగిన కాంక్రీటు మధ్య ఆ వైరు ఉంటుంది కనుక 50 డిగ్రీల లెక్కే వేసుకోవాలి.

నాలుగు ఎంఎం వైరు పట్టిక ప్రకారం 32 ఆంపియర్లు మోస్తుంది. 45 డిగ్రీల్లో అది 25కు దిగుతుంది. మన అవసరం 27. ఈ వైరుకు 25 ఆంపియర్ల ఎంసీబీ పెడితే పండుగ పూట అది పదే పదే పడిపోతుంది, అప్పుడు విసిగి ఎవరో ఒకరు దాన్ని తీసి 32ది పెడతారు, ఆనాటి నుంచి గోడలోని వైరుకు రక్షణ ఉండదు. ఎంసీబీ పడిపోవడం దాని లోపం కాదు, వైరు తరఫున అది చెబుతున్న మాట. పెద్దది పెట్టాలంటే ముందు వైరు పెద్దదై ఉండాలి. పైగా 22 మీటర్లు పోయి రావడంలో ఈ వైరు ఏడు వోల్టుల వరకు తినేస్తుంది. ఈ ఇంటికి నాలుగు ఎంఎం వద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఆరు ఎంఎం వైరు 30 డిగ్రీల్లో 41 ఆంపియర్లు, 45 డిగ్రీల్లో 32 ఆంపియర్లకు కొంచెం పైన మోస్తుంది. 32 ఆంపియర్ల ఎంసీబీకి ఇది సరిగ్గా అతుకుతుంది, వోల్టేజీ తగ్గుదల కూడా అయిదు వోల్టుల లోపే. పైపులో వేరే వైర్లు లేకుండా, ఇంటి లోపలి గోడ వెంట వెళ్లే దారి అయితే, ఎక్కువ ఇళ్లకు ఇది చాలు. కానీ ఆ పైపులోనే బెడ్‌రూమ్ ఏసీ వైరు కూడా తోస్తే ఇదే వైరు 26కు, ఒంటరిగానే స్లాబులోంచి వెళ్తే 29కి దిగజారుతుంది. అంటే బాగున్నప్పుడు బొటాబొటిగా సరిపోయి, పరిస్థితి కాస్త మారగానే చాలకుండా పోయే వైరు ఇది.

పది ఎంఎం అయితే 57తో మొదలై 45 డిగ్రీల్లో 45, స్లాబు వేడిలో 40 దగ్గర నిలుస్తుంది. 27 ఆంపియర్లకు వోల్టేజీ తగ్గుదల మూడు వోల్టుల లోపే. ఖర్చు ఎక్కువన్న మాట నిజమే, కానీ గోడ కోయడం, పైపు, లప్పం, కూలీ ఏ వైరుకైనా ఒకటే. పెరిగేది రాగి ధర మాత్రమే. నాలుగు విడి సర్క్యూట్లకు 2.5 వైరు లాగినా పట్టే రాగి సరిగ్గా ఇంతే. ఈ ఇంటి పైపులో సగం స్లాబులోంచే వెళ్లాలి కనుక పది ఎంఎం వేసి, మెయిన్ బోర్డులో ఇప్పటికి 32 ఆంపియర్ల ఎంసీబీయే పెట్టమన్నాను. గిన్నెలు కడిగే యంత్రం వచ్చిన రోజున దాన్ని 40కి మార్చడానికి స్క్రూడ్రైవరు చాలు, గోడ ముట్టనక్కరలేదు.

వైరు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎర్తింగు. మన నేల చాలాచోట్ల పైన పలుచటి మట్టి, కింద గ్రానైటు. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతే దాని నిరోధం బాగా పెరుగుతుంది. అది 20 ఓములుందనుకుంటే, తడి చేత్తో ముట్టుకునే స్టీలు పరికరానికి ఫేజు తగిలినప్పుడు భూమిలోకి పారేది పదకొండున్నర ఆంపియర్లే. అంత తక్కువ కరెంటుకు 16 ఆంపియర్ల ఎంసీబీ కూడా పడదు, ఆ పరికరం కరెంటుతోనే నిలబడి ఉంటుంది. అందుకే వంటింటి బోర్డు లోపల మొదట ఉండాల్సింది మరో ఎంసీబీ కాదు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ. డబ్బు మిగుల్చుకోవాలంటే వైరు వద్ద ఆలోచించండి, దీని వద్ద వద్దు. ఫ్రిజ్‌కు మాత్రం విడిగా ఆర్‌సీబీఓ (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండు పనులూ చేసేది) ఇస్తే, నీటి యంత్రం లీకై మిగతా బోర్డు పడిపోయినా పాలూ కూరలూ చెడవు. ఈ బోర్డులో న్యూట్రల్ పట్టీ, ఎర్తు పట్టీ ఎక్కడా కలవకూడదు. పక్క గది న్యూట్రల్‌ను ఇందులో బిగించినా ఆర్‌సీసీబీ కారణం తెలియకుండా పడిపోతూ ఉంటుంది.

ఇంటికి త్రీఫేజు ఉంటే వంటింటికి మూడు ఫేజులూ తేవాలా అని అడుగుతారు. ఒక ఇంటి వంటకు అక్కరలేదు. ఒక ఫేజు వంటింటికి ఇచ్చి ఏసీలను, మోటారును మిగతా రెండింటి మీదికి మారిస్తే చాలు.

బోర్డు లోపల ఇండక్షన్‌కు, మైక్రోవేవ్‌కు, కెటిల్‌కు ఒక్కోదానికి 2.5 వైరుతో 16 ఆంపియర్ల ఎంసీబీ విడిగా ఉండాలి. ఎండాకాలంలో ఆ వైరు మోసేది 19 మాత్రమే కనుక 20 ఆంపియర్లది పెట్టకూడదు. పని మొదలుపెట్టే ముందు కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు చూసుకోవాలి. అది రెండు కిలోవాట్లే అయితే ముందు సెక్షన్ ఆఫీసులో లోడు పెంపుకు దరఖాస్తు చేసి, స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు కూడా సరిపోతుందో లేదో చూపించుకోవాలి. అంతా బిగించాక ఇంటి మనిషి ముందే ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కించి, మొదటి వేసవి దాటగానే మెయిన్ ఆపి బోర్డులోని స్క్రూలన్నీ మరోసారి బిగించమని ఎలక్ట్రీషియన్‌తో ఇప్పుడే మాట తీసుకోండి.