రెండు కాన్పులు, ఒకే బంతి: 65 సెంటీమీటర్ల వ్యాయామ బంతి నాలుగేళ్లు వాడాక

జిమ్ బాల్, యోగా బాల్, బర్త్ బాల్ అని పెట్టె మీద ఏ పేరున్నా లోపల ఉండేది ఒకటే, గాలి నింపే పీవీసీ బంతి. గర్భిణి బొమ్మ వేసిన పెట్టెకు రెండు మూడు వందలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఆరేడు వందల నుంచి పదిహేను వందల లోపు మంచిదే దొరుకుతుంది. ఈ సమీక్ష 65 సెంటీమీటర్ల బంతి గురించి. రెండు కాన్పుల్లోనూ అయిదో నెల నుంచి నొప్పులొచ్చిన రోజు దాకా వాడాను, ఆ తర్వాత పిల్లల్ని జోకొట్టడానికీ వాడాను.

ముందుగా నా తీర్పు చెబుతాను. నడుం నొప్పికి, చివరి రెండు నెలల్లో కుదురుగా కూర్చోవడానికి, నొప్పులు మొదలైన తొలి గంటలు ఇంట్లో గడపడానికి దీన్ని మించిన వస్తువు ఆ ధరలో నాకు కనబడలేదు. బిడ్డ అడ్డం తిరిగితే సర్దుతుందని, నొప్పులు రప్పిస్తుందని, ఆపరేషన్ తప్పిస్తుందని ఎవరైనా చెబితే ఆ ఆశతో మాత్రం కొనొద్దు. ఎదురు కాళ్లతో ఉన్న బిడ్డ బంతి మీద ఊగితే తిరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం. దాని వెనక ఉన్న కారణాలు బంతితో పోయేవి కావు.

సైజు దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. 5 అడుగుల 3 అంగుళాల లోపు ఎత్తుకు 55, అక్కణ్నుంచి 5 అడుగుల 8 అంగుళాల దాకా 65, ఆపైన 75. సరిహద్దులో ఉన్నవాళ్లు పెద్దది తీసుకుని గాలి కాస్త తగ్గించుకోవడం మేలు. చిన్నది కొని గట్టిగా నింపితే కూర్చోగానే మోకాళ్లు పైకి, తుంటి కిందికి పోతాయి. అప్పుడు నడుం గుండ్రంగా వంగి, సోఫాలో కూలబడ్డట్టే ఉంటుంది. ఆ నొప్పి తగ్గాలనే కదా కొన్నది! సరైన సైజు ఎలా తెలుస్తుందంటే, రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, తుంటి మోకాళ్ల కంటే రెండు మూడు వేళ్లు ఎత్తులో ఉండాలి. తొడ మీద పెన్సిల్ పెడితే మోకాలి వైపు దొర్లాలి. మరో పరీక్ష బంతి బరువు. 65 సెంటీమీటర్ల బంతి తూకం కిలోకు బాగా తక్కువుంటే తోలు పలచన అని అర్థం. పెట్టె మీద 200 కిలోలు, 300 కిలోలు మోస్తుందని రాసిన అంకెల కంటే ఈ తూకాన్నే నమ్ముతాను.

యాంటీ బర్స్ట్ అన్న మాట తప్పనిసరి. చిల్లు పడినా ఢామ్మని పేలకుండా గాలి మెల్లగా దిగుతుందని దాని అర్థం. చిల్లే పడదని కాదు.

గాలి నింపడం రెండు రోజుల పని, అది కూడా ఇంట్లో వేరేవాళ్లు చేయాలి. పెట్టెలో వచ్చే చిన్న చేతి పంపుతో వంగి కూర్చుని కొట్టడం గర్భిణికి తగదు. గాలి పరుపులకు వాడే కాలి పంపు ఉంటే పని సగానికి తగ్గుతుంది. సైకిల్ పంపు ముక్కు ఈ రంధ్రానికి సన్నం, నిలవదు. పంక్చర్ షాపు కంప్రెసర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, కళ్లముందే మితిమీరి ఉబ్బుతుంది. మొదటి రోజు ముప్పాతిక వంతుకు కాస్త పైగా నింపి బిరడా పెట్టి వదిలేయాలి. పీవీసీ మెల్లగా సాగుతుంది, మర్నాటికి బంతి మెత్తబడి కనిపిస్తుంది. కారుతోందని కంగారు పడక్కర్లేదు. అప్పుడు మిగతాది నింపాలి. ఒకేసారి పూర్తిగా నింపితే తోలు ఒక పక్క ఎక్కువ సాగి బంతి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

ఎంత నింపాలో చేత్తో నొక్కి తెలుసుకోలేం. టైలరు టేపు 150 సెంటీమీటర్లే ఉంటుంది, బంతి చుట్టూ రాదు. పురికొసకు కొలిచి ముడి వేసుకోండి. 55 బంతి చుట్టుకొలత సుమారు 173 సెంటీమీటర్లు, 65కి 204, 75కి 236. పురికొస బంతి నడుమ చుట్టూ తిరిగి ముడి దగ్గర కలిస్తే పూర్తి గాలి ఉన్నట్టు. నెలకోసారి అదే పురికొసతో చూసుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది. చలికాలం పొద్దున్నే బంతి మెత్తగా అనిపించడం మామూలే, గాలి చల్లబడి కుంచించుకుంటుంది. ఎండ పడే బాల్కనీలో పెడితే ఉల్టా జరుగుతుంది, తోలు కూడా పాడవుతుంది. కొత్త బంతికి ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉంటుంది. గర్భంతో ఉన్న ముక్కుకు అది భరించడం కష్టం. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి మూడు నాలుగు రోజులు కిటికీ పక్కన నీడలో ఉంచితే దాదాపు పోతుంది. ఫినాయిల్, స్పిరిట్ పెట్టి తుడవొద్దు.

ఇక జారడం. ఈ బంతితో నిజమైన ప్రమాదం పేలడం కాదు, పక్కకు దొర్లడం. మన ఇళ్లలో నున్నటి టైల్సు, పైగా పొద్దున్నే తడిగుడ్డ పెట్టిన నేల. కింద యోగా మ్యాట్ గానీ అడుగున రబ్బరున్న చాప గానీ తప్పదు. మామూలు ప్లాస్టిక్ చాపయితే బంతితో పాటే జారుతుంది. కాళ్లకు సాక్సులు వద్దు, వట్టి పాదాలు మేలు. ఒంటికి నూనె రాసుకున్న రోజు స్నానం అయ్యేదాకా దాని దగ్గరికి పోవద్దు. చీర కుచ్చిళ్లు, నైటీ అంచు బంతి కిందికి పోతాయి, లేచేటప్పుడు అవే పడదోస్తాయి. కాటన్ చుడీదార్ పైజమా అన్నిటికంటే సుఖం. కూర్చునే ముందు నైటీకున్న పిన్నీసు, కాలి మెట్టె మొన చూసుకోండి. మా బంతి మీద పడిన ఒకే ఒక్క గీత మెట్టె వల్ల పడింది.

కూర్చోవడానికీ పద్ధతి ఉంది. బంతి వెనక గోడ, ఒక పక్కన బరువైన కుర్చీ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ కదిలిపోతుంది. ఒక చెయ్యి కుర్చీ మీద, ఒక చెయ్యి బంతి మీద వేసి, బంతి ఎక్కడుందో చేత్తో తెలిశాకే కూర్చోవాలి. పాదాలు భుజాల కంటే వెడల్పుగా పెట్టాలి. లేచేటప్పుడు ముందుకు వంగి, అరికాళ్ల మీదికి బరువు తెచ్చుకుని లేవాలి. మొదటి వారం పక్కన మనిషి లేకుండా కూర్చోవద్దు. ఏడో నెల దాటాక పొట్ట బరువు ముందుకొచ్చి నిలకడ మారుతుంది కాబట్టి అలవాటైందన్న ధీమా అప్పుడు పనికిరాదు.

బంతి మీద చేసే పనుల్లో నిజంగా పనికొచ్చేవి నాలుగే.

మొదటిది, తుంటిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపడం. భుజాలు కదలకూడదు, బొడ్డు కింది భాగమే కదలాలి. పదిసార్లు ముందూ వెనకా, పదిసార్లు పక్కలకు, తర్వాత రెండు వైపులా గుండ్రంగా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేస్తే రాత్రి పక్క మీద అటూ ఇటూ తిరిగేటప్పుడు నడుం పట్టేయడం తగ్గుతుంది. రెండోది ముందుకు వాలడం. మ్యాట్ మీద మోకాళ్ల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుని మోకరిల్లి, ఛాతీ, చేతులు బంతి మీద ఆన్చి, తల పక్కకు తిప్పి వదిలేయడం. పొట్ట బరువు వెన్ను మీంచి దిగిపోతుంది. ఎనిమిది, తొమ్మిది నెలల్లో నడుం నొప్పికి నాకు తెలిసిన అన్ని ఉపాయాల్లో దీనికే మొదటి చోటు. అయిదు నిమిషాలు చాలు. మోకాళ్లు నొస్తే మంచం పక్కన నిలబడి, మంచం మీద బంతి పెట్టి దాని మీదికి వాలొచ్చు.

మూడోది గోడకూ వీపుకూ మధ్య బంతి పెట్టి కొద్దిగా కిందికి దిగి లేవడం. కుర్చీ ఎత్తు కంటే కిందికి వద్దు, ఎనిమిది నుంచి పది సార్లు చాలు. రోలు ముందు కూర్చుని రుబ్బిన తరానికి తొడల బలం వేరుగా సంపాదించుకోవాల్సిన పని ఉండేది కాదు, సోఫాలో పెరిగిన మనకు ఉంది. జఘనాస్థి దగ్గర, అంటే రెండు తొడలు కలిసే చోట, మెట్లెక్కితే పోట్లు వచ్చేవాళ్లు దీన్ని వదిలేయాలి, కాళ్లు బాగా వెడల్పు చేయడమూ మానాలి. నాలుగోది కటి కండరాలను బిగించి వదలడం. మూత్రం ఆపుకున్నట్టు లోపలికి లాగి అయిదు లెక్కపెట్టి, అంతే నెమ్మదిగా వదలాలి. బంతి మెత్తదనం వల్ల ఆ కండరం లేస్తోందా లేదా అన్నది కుర్చీలో కంటే స్పష్టంగా తెలుస్తుంది. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, చాలామంది బిగించడమే చేస్తారు.

బంతి మీద వెల్లకిలా పడుకుని పొట్ట కండరాలకు చేసేవి, బంతి మీద నిలబడేవి, ఎగిరెగిరి పడేవి గర్భంతో వద్దే వద్దు. ఆఫీసు పనికి కుర్చీ బదులు బంతి అన్న ఆలోచనా నాకు నచ్చలేదు. ఇరవై ముప్పై నిమిషాలకు వెన్ను అలిసి, మళ్లీ వంగిపోతాం.

ఇంకోమాట. బంతి నడకకు బదులు కాదు. ఆరోగ్యం బాగున్న గర్భిణికి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. బంతి మీద ఊగితే ఆయాసం రాదు, ఆ లెక్కలోకి ఎక్కదు. అయిదు రోజులు రోజుకు అరగంట నడిస్తే ఆ లెక్క నిండుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపే ముగించడం మంచిది, నీళ్ల సీసా వెంట ఉండాలి.

మొదలుపెట్టే ముందు డాక్టరును పేరుపెట్టి అడగాల్సినవి ఉన్నాయి. మాయ కిందికి ఉందా? గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందా, కుట్టు వేశారా? బీపీ పెరిగిందా? రక్తం బాగా తక్కువుందా? వీటిలో ఏదున్నా డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని అదే జాతీయ సర్వే చెప్పింది కాబట్టి చివరి ప్రశ్న మర్చిపోవద్దు. చేస్తుండగా రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క ఒక్కటే వాచి నొప్పెట్టినా, పొట్ట పదే పదే గట్టిపడుతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా అక్కడికక్కడ ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పడుకుని చూద్దామని ఆగొద్దు.

నొప్పుల రోజు బంతి విలువ బాగా తెలిసింది. కాన్పు మొదటి దశలో, అంటే గర్భాశయ ముఖద్వారం పూర్తిగా తెరుచుకునేదాకా, పడుకోకుండా నిటారుగా ఉంటూ, నడుస్తూ గడిపినవాళ్లకు ఆ దశ సగటున గంటకు పైగా తగ్గిందని అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2013 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. బంతి ఆ నిటారుతనాన్ని అలసట లేకుండా నిలుపుతుంది. నొప్పి వచ్చినప్పుడు బంతి మీద కూర్చుని మంచం మీదికి వాలితే తోడున్న మనిషి త్రికం మీద, అంటే నడుం కింద చదునుగా ఉండే ఎముక మీద, అరచేత్తో గట్టిగా నొక్కొచ్చు. నొప్పి నొప్పికీ మధ్య మెల్లగా ఊగాలి. ఉమ్మనీరు పోయాక, ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాక, కూర్చోవాలంటే కింద శుభ్రమైన తువ్వాలు పరచాలి, ఆ నీరు ఆకుపచ్చగా ఉంటే బంతి సంగతి మరిచి ఆసుపత్రికి బయల్దేరాలి.

ఆసుపత్రిలో బంతి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఎనిమిదో నెల చెకప్‌లోనే అడగండి. సొంత బంతి తేనిస్తారా, లేబర్ రూములో లేచి తిరగనిస్తారా, మనిషిని తోడు ఉండనిస్తారా? ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకు ఆడతోడు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది, కాబట్టి ఆ ప్రశ్న మొహమాటం లేకుండా అడగొచ్చు. తీసుకెళ్లేట్టయితే గాలి తీసి పంపుతో సహా సంచిలో పెట్టుకోవాలి, నిండిన బంతి ఆటోలోనో కారులోనో మనిషి చోటు తినేస్తుంది. బిరడా తీసే ప్లాస్టిక్ పుల్ల మర్చిపోతే కత్తితో తీయబోయి రంధ్రం అంచు చీల్చుకుంటారు.

బాలింతరాలికి వెంటనే పనికిరాదు. కుట్లున్నప్పుడు సగం గాలి తీసిన బంతి కుర్చీ కంటే మెత్తగా ఉంటుందని కొందరంటారు, నాకు కుట్లు లాగినట్టే అనిపించింది. ఆపరేషన్ అయితే ఆరువారాల చెకప్ అయ్యేదాకా మూల పెట్టేయడం మేలు. ఆ తర్వాత బిడ్డను ఛాతీకి హత్తుకుని, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి, పాదాలు నేల మీంచి లేవకుండా అంగుళం ఎత్తున పైకీ కిందికీ ఊగితే సాయంత్రపు ఏడుపు తగ్గేది. ఉయ్యాల కంటే త్వరగా నిద్ర పట్టేది కూడా. కానీ నిద్ర మత్తులో ఉన్నవాళ్లు బిడ్డతో బంతి ఎక్కకూడదు. తెల్లవారుజామున మూడు గంటల పాలప్పుడు మంచమే క్షేమం. మూడు నాలుగు నెలలకు మెడ నిలిచాక బిడ్డను బోర్లా బంతి మీద వేసి, రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకుని కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపితే తల ఎత్తడం సాధన అవుతుంది. ఒక నిమిషం చాలు, చెయ్యి మాత్రం తీయకూడదు. నడక వచ్చిన పిల్లలున్న ఇంట్లో వాడనప్పుడు దాన్ని అటక మీద పెట్టాలి, లేకపోతే దాని మీదికి ఎక్కుతారు.

నాలుగేళ్లలో మార్చింది బిరడా ఒక్కటే. అది ముందు వదులవుతుంది, అందుకే పెట్టెలో రెండో బిరడా ఉందో లేదో చూసి కొనండి. గాలి తగ్గుతుంటే బిరడా చుట్టూ సబ్బునురగ రాస్తే బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. బిరడా దగ్గరైతే కొత్తది వేస్తే సరి. తోలు మీద చిల్లు పడినా, తెల్లటి పగుళ్లు వచ్చినా, ఒకచోట ఉబ్బెత్తుగా లేచినా సైకిల్ పంక్చర్ ముక్క అంటించి మళ్లీ వాడొద్దు. గర్భిణి కూర్చునే బంతికి అతుకు నమ్మదగ్గది కాదు, పారేసి కొత్తది తెచ్చుకోండి.