బెల్టు తోక ఉన్న 450 సైజు రిమోట్ హెలికాప్టర్: అనంతపురం ఎండల్లో చాన్నాళ్లు వాడాక

రిమోట్ హెలికాప్టర్‌తో హోవర్, అంటే గాలిలో ఒకేచోట నిలపడం, నేర్చుకునేటప్పుడు తోక నేలకు తగలడం మామూలే. తోక రోటర్‌ను కడ్డీతో తిప్పే షాఫ్టు తోక అయితే తగిలినప్పుడల్లా లోపలి గేరు పళ్లు రాలిపోతాయి. బెల్టుతో తిప్పేదైతే ఒకట్రెండు పళ్లు దాటి ఊరుకుంటుంది. తోక బ్లేడ్లు మార్చి, సన్న ఇరుసు వంగిందేమో చూసుకుని మళ్లీ లేపడమే. స్పేర్లన్నీ కొరియర్‌లో రావాల్సిన మనలాంటి ఊళ్లలో ఇంతకన్నా ఏం కావాలి! నేర్చుకునేవాళ్లకు బెల్టే మేలని ఇప్పటికీ అంటాను.

కానీ శివరాత్రి దాటి గాలి పొడిబారిందంటే ఈ బెల్టే ఏడిపిస్తుంది. నిలకడగా హోవర్‌లో ఉండగా తోక ఉన్నట్టుండి ఒక్క జర్కు కొట్టి, వెంటనే సర్దుకుంటుంది. తోకను నిలకడగా ఉంచే గైరో పోయిందనుకుని కొత్తది కొంటారు, తోక బ్లేడ్ల కోణం మార్చే సర్వో మోటారు మారుస్తారు. జర్కు మాత్రం పోదు. దింపి, బ్యాటరీ పీకి, బూమ్ (తోక గొట్టం) ముట్టుకుంటే ఒక్కోసారి వేలికి చురుక్కుమంటుంది. అసలు దొంగ అదే, స్టాటిక్ కరెంటు. బెల్టు పుల్లీల మీద రాసుకుంటూ తిరిగితే పుడుతుంది. గాలిలో తేమ ఉంటే ఎప్పటికప్పుడు పోతుంది, లేకపోతే బూమ్‌లో పేరుకుని పక్కనున్న వైర్లలోకి దూకుతుంది. రేడియో అలజడిని బాగా తట్టుకునే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ ఉన్నా లాభం లేదు, ఇది వచ్చేది వైరు దారిన.

దీనికి మందు, బూమ్‌ను మోటారుకు ఒక వైరుతో కలపడం. ముందు బూమ్ ఫ్రేములోకి దూరే చోట రంగు పూతను గోరంత మేర ఉప్పుకాగితంతో గీకి, తెల్లటి అల్యూమినియం తేల్చాలి. ఆ పూతలోంచి కరెంటు పారదు. వైరు కట్టినా ఫలితం లేదనేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ గీకడమే. సన్న వైరు ఒక కొసను అక్కడ బిగింపు కింద నొక్కి, రెండో కొసను మోటారు స్క్రూ కింద బిగించాలి. మల్టీమీటర్ ఒక ముల్లు బూమ్‌కు, ఇంకొకటి మోటారు ఒంటికి పెడితే బీప్ రావాలి. తోక సర్వో వైరు బూమ్ వెంబడే వస్తుంది కాబట్టి దానికి తొడుగు వేయాలి. బెల్టుకు సిలికాన్ స్ప్రే నేరుగా కొడితే మన ఎర్రదుమ్ము అంటుకుంటుంది. గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో తుడిస్తే చాలు.

రిమోట్ స్టిక్కు గట్టిగా పైకి తోసినప్పుడే ముక్కు ఎడమకు తిరిగిపోతుంటే అది స్టాటిక్ కాదు, బెల్టు వదులు. బూమ్ వెనక్కి లాగి బిగించాలి, మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి. బెల్టు విప్పి వేసినప్పుడు మెలిక తిరగబడితే తోక రోటర్ ఎదురు తిరుగుతుంది. మెయిన్ రోటర్‌ను చేత్తో తిప్పి, తోక బ్లేడు మందపు అంచు ముందు నడుస్తోందో లేదో చూసుకోవాలి.

కాకినాడలాంటి చోట ఎగరేసేవాళ్లకు ఈ వైరు గొడవ పెద్దగా ఉండకపోవచ్చు. ఇక్కడ శనక్కాయ పీకిన చేలలో నేర్చుకునేవాళ్లయితే మొదటిసారి లేపకముందే వైరు కట్టుకోండి. తిరగేసి ఎగరేసే దాకా వచ్చి, తోక నేలకు తగలడం మానేశాక షాఫ్టు గురించి ఆలోచించొచ్చు.