గాజు ట్యూబుల సోలార్ హీటర్: ఎనిమిదేళ్ల తర్వాత

డిసెంబరులో పొద్దున్నే ఆరింటికి స్లాబెక్కి ట్యూబు మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది. కిందికొచ్చి నల్లా తిప్పితే మాత్రం చన్నీళ్లు కలపనిదే ఒంటి మీద పోసుకోలేం. ఎనిమిదేళ్లయినా ఈ వింత నాకు పాతబడలేదు. ఒక గాజు గొట్టంలో ఇంకో గొట్టం, ఆ రెండింటి మధ్య గాలి లేకుండా లాగేశారు. థర్మాస్ ఫ్లాస్కు సంగతే. లోపలి గొట్టానికున్న నల్ల పూత ఎండను తాగుతుంది, తాగిన వేడి బయటికి పోవడానికి దారి లేదు.

మాది నల్లగొండలో సొంతిల్లు. 15 ట్యూబులు, 150 లీటర్ల ట్యాంకు. కొన్న కొత్తలో ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కన్నా ముందు స్లాబెక్కించి చూపించేవాణ్ణి. పెట్టెలో రాగి ప్లేటు, గొట్టాలు ఉండే రకం సోలార్ హీటర్లు పాతబడిపోయాయని చెప్పి కనీసం ముగ్గురితో ఇవే కొనిపించాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను.

నాలుగో ఏడు నీళ్లు వేడెక్కడం తగ్గింది. ఉగాదికి ముందు ఒక ఆదివారం ప్లంబర్‌ని పిలిచి ట్యూబులన్నీ ఊడదీయించాను. ఒక్కోదాన్ని తలకిందులు చేస్తే అడుగు నుంచి తెల్లటి ముద్ద జారిపడింది, గుప్పెడు సున్నం. మా ఆవిడ చూసి "ఇంక ఆకూ వక్కా తెస్తే సరిపోతుంది" అంది. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ ఈ సున్నానికీ ఫ్లోరైడ్‌కీ సంబంధం లేదు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, నీళ్లు కాగినప్పుడు ఇలా విడిపోయి అడుగుకు దిగుతుంది. పొయ్యి మీద నీళ్ల గిన్నెకు తెల్లగా పట్టేదీ అదే.

కడిగి, తుడిచి, మళ్లీ బిగించేసరికి పదకొండు. ప్లంబర్‌కి వేరే ఇంటి నుంచి ఫోనొచ్చి వెళ్లిపోయాడు. నేను అన్నం తిని, కాసేపు పడుకుని, ఒంటి గంటకు వెళ్లి ట్యాంకు వాల్వు తిప్పాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఠప్, ఠప్ అని వరసగా నాలుగు. గాజు పెంకులు పిట్టగోడ దాకా ఎగిరాయి. పగిలిన ట్యూబుల కన్నాల్లోంచి ట్యాంకులోకి వచ్చిన నీళ్లు వచ్చినట్టే మెట్ల మీదుగా పోతున్నాయి. చెప్పులు లేకుండా వెళ్లాను కాబట్టి వాల్వు దాకా తిరిగి ఎలా వచ్చానో నాకే తెలియదు.

మూడో రోజు వచ్చిన మెకానిక్ చూసి నవ్వాడు. "ఎండిన ట్యూబులకు ఎండలో నీళ్లిడిస్తే గింతే సార్. పొద్దుగూకినంక ఇడవాలె." నీళ్లు లేని ట్యూబు లోపల మండుటెండలో వేడి 200 డిగ్రీలు కూడా దాటుతుంది. దాని మీద ఒక్కసారి చన్నీళ్లు పడితే ఏ గాజు తట్టుకుంటుంది? ఈ ముక్క కొన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. ప్లంబర్‌కీ తెలిసినట్టు లేదు. అయితే పగిలిన నాలుగే మార్చాడు, మిగతా వాటి జోలికి పోలేదు. అర గంటలో పని అయిపోయింది. అది మాత్రం నాకు నచ్చింది.

మా బామ్మర్దిది మహబూబ్‌నగర్, వాళ్లింట్లో రాగి ప్లేటు రకం. దానికి ఈ ఠప్పుల గొడవ లేదు. నీళ్లు రాగి గొట్టాల్లోనే పోతాయి, పైనున్న గాజును తాకనే తాకవు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. కొత్తలో వాళ్ల నీళ్లూ మా నీళ్లంత వేడిగానే ఉండేవి. "ఏంది బావా, నీ వ్యాక్యూమ్ గొప్ప?" అనేవాడు. గాలి తీసిన గాజు గొప్పతనం బయట గజగజ వణికించే చలి ఉన్నచోట బాగా తెలుస్తుంది. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో కూడా మధ్యాహ్నం 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఇక ప్లేటైతే పెట్టె నిండా పరుచుకుని ఉంటుంది, ట్యూబుల మధ్య సందుల్లో పడే ఎండ వృథా. ట్యూబు గుండ్రంగా ఉండటం వల్ల పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండ కొంచెం ఎక్కువ పట్టుకుంటుంది, అంతే. కాకపోతే రాగి గొట్టాలు సన్నం. మూడేళ్లకే సున్నం పట్టి పూడుకుపోతే యాసిడ్ పోయించి కడిగించాడు. అప్పటి నుంచి మా వ్యాక్యూమ్ ఊసెత్తడం మానేశాడు.

ఎండాకాలం మాత్రం రెండు రకాలూ దండగే. మే నెలలో ట్యాంకు గొట్టంలోంచి ఆవిరి బుసకొడుతుంది, పిల్లలున్న ఇంట్లో నల్లా దగ్గర టెన్షన్. మేము శివరాత్రి దాటాక సగం ట్యూబుల మీద గోనె పట్టా కప్పేస్తాం.

కొనమంటావా అని అడిగితే, మీ ఇంటికి వచ్చేవి ఏ నీళ్లో ముందు చెప్పండి. ట్యాంకులోకి కృష్ణా నీళ్లు ఎక్కేటట్టయితే రాగి ప్లేటు కూడా చూడండి. నాలాగా బోరే దిక్కయితే ట్యూబులు, రెండేళ్లకోసారి కడగడం, అదీ పొద్దుగూకాక నీళ్లు నింపడం. కోతులు ఎక్కువగా తిరిగే వీధి అయితే నేనేమీ చెప్పలేను.

ట్యూబు కింది చివర వెండి రంగు పూత ఒకటి ఉంటుంది. లోపలికి గాలి దూరితే అది పాలలా తెల్లబడుతుంది. మొన్న ముగ్గులప్పుడు చూస్తే ఎడమ నుంచి ఆరోది తెల్లబడింది. మధ్యాహ్నం చెయ్యి పెడితే పక్కవాటి కన్నా అదొక్కటే వెచ్చగా తగిలింది. ఇంకా మార్చలేదు. పిల్లలు హైదరాబాద్‌లో ఉంటున్నారు, ఇంట్లో ఇద్దరమే, 14 ట్యూబుల నీళ్లు మాకు మిగులుతున్నాయి.