ఆర్టీమియాకు పట్టించే డీహెచ్‌ఏ నూనె: 4 సీజన్లు వాడాక

పండుగప్ప చేప పిల్లలు తీసే హేచరీలో పనిచేస్తున్నాను. పిల్లలకు బతికుండగానే మేతగా వేసే చిన్న నీటి జీవులు రోటిఫర్లు, ఆర్టీమియా. వాటికి ముందుగా పట్టించే డీహెచ్‌ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు) ఎమల్షన్‌ను, అంటే నీటిలో కలిసే నూనెను, 4 సీజన్లుగా వాడుతున్నాం. కంపెనీ పేరు రాయను.

పిల్లలు త్వరగా పెరుగుతాయన్న ఆశతో కొన్నాం. పెరుగుదలలో నా కంటికి పెద్ద తేడా ఆనలేదు. తేడా తెలిసింది వల వేసినప్పుడే. పండుగప్ప తోటిదాన్నే మింగే రకం కాబట్టి సైజువారీగా వేరుచేసే గ్రేడింగ్ తప్పదు. ఇంతకుముందు ట్యాంకు మార్చిన ప్రతిసారీ తెల్లారేసరికి అడుగున చచ్చిన పిల్లలు తెల్లగా పేరుకునేవి. ఇప్పుడు ముందురోజే 10 పిల్లలను చిన్న జాలిలోకి తీసి, నిమిషంపాటు గాలిలో ఉంచి, నీళ్లలో వదిలి చూస్తాను. ఉత్త ఆర్టీమియా తిన్నవైతే విల్లులా వంగి పక్కకు ఒరిగేవి, చాలావరకు మళ్లీ లేచేవి కావు. నూనె పట్టినది తిన్నవి కాసేపు తడబడి, సర్దుకుని ఈదుకుంటూ పోతున్నాయి.

ఆర్టీమియాలో సహజంగా డీహెచ్‌ఏ దాదాపు ఉండదు. బొచ్చె, శీలావతి వంటి మంచినీటి చేపలు లినోలెనిక్ ఆమ్లం అనే మరో కొవ్వు నుంచి దాన్ని కొంతవరకు తయారు చేసుకోగలవు. పండుగప్పకు ఆ శక్తి చాలా తక్కువ. మెదడుకు, కంటి రెటీనాకు కావలసినది మేతలోనే అందాలి. చూపుతో వేటాడే పిల్లకు కంటిలోనే లోటు పెడితే ఏం పట్టుకు తింటుంది?

ఇక ఇబ్బందులు. పొదిగిన వెంటనే ఆర్టీమియాకు నూనె పోస్తే దండగ. అప్పటికి దానికి మేత తినే నోరే ఉండదు. సుమారు 8 గంటలకు, తొలి కుబుసం విడిచాకే తినడం మొదలుపెడుతుంది. డబ్బా మీద ఈ ముక్క చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, మొదటి సీజన్‌లో మేం చదవలేదు. తిన్న డీహెచ్‌ఏను కూడా అది భద్రంగా దాచదు, కొంత ఈపీఏ అనే మరో ఒమేగా-3 కొవ్వుగా మార్చేస్తుంది. అందుకే పట్టించాక చల్లటి నీటిలో ఉంచి, త్వరగా మేపేస్తున్నాం.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు రోటిఫర్లను సరిగా కడగకపోవడం. పుట్టిన కొద్ది రోజుల్లోనే పిల్ల పైకి వచ్చి గుక్కెడు గాలి మింగాలి, గాలితిత్తి మొదటిసారి ఉబ్బేది దానితోనే. కడగని రోటిఫర్లతో వచ్చిన నూనె మా ట్యాంకు మీద పొరలా మెరుస్తుంటే మేత బాగుందని మురిసిపోయాం. ఆ పొర అడ్డుపడి గాలి అందని పిల్లల్లో తర్వాత నడుము వంగినవే ఎక్కువ. ఇప్పుడు కడగడానికే ఒక మనిషి ఉన్నాడు, నీటి పైపొర తీసే స్కిమ్మర్ కూడా పెట్టాం.

సీసా తెరిస్తే చేపనూనె వాసన రావాలి. పాత పెయింటు వాసన వస్తే పారబోయండి. ముక్కిపోయిన నూనె పెట్టడం కన్నా పెట్టకపోవడమే నయం. రాత్రంతా కరెంటు పోయి ఫ్రిజ్ ఆగడంతో, అప్పుడే తెరిచిన పెద్ద డబ్బా మొత్తం అలాగే పారబోశాం. ఐదుకు నాలుగు ఇస్తాను. వచ్చే సీజన్‌కూ ఇదే కొంటాం, చిన్న సీసాల్లో.