పాత ఆర్‌ఎక్స్ 100 ఇంటేక్ రబ్బర్: అతుకేసి కొన్నేళ్లు నడిపాక

ముందే చెప్పేస్తున్నా. కార్బ్యురేటర్‌ని ఇంజన్‌కి కలిపే ఈ కంపెనీ రబ్బర్ చీలిపోతే, సరైన మందుతో అతికిస్తే, బజార్లో దొరికే చవక కొత్త రబ్బర్ కంటే ఎక్కువ కాలం వచ్చింది. అతుకు అంటే నెలా రెండు నెలల ముచ్చట అనుకునేవాణ్ణి. అది వేసవులు దాటింది. కొత్తది మాత్రం మొదటి ఎండాకాలంలోనే దాని లోహపు ప్లేటు దగ్గర ఊడొచ్చింది.

బండి యమహా ఆర్‌ఎక్స్ 100. ఎస్కార్ట్స్ వాళ్లు 1985 నుంచి 1996 దాకా ఇక్కడ తయారుచేసిన 98 సీసీ టూ-స్ట్రోక్. ఆఖర్లో వచ్చిన బండికి కూడా ఇప్పుడు దాదాపు ముప్పై ఏళ్లు. ఇంజన్‌కి బోరింగ్ చేయిస్తారు, క్రాంక్ కట్టిస్తారు, ట్యాంకుకి రంగు వేయిస్తారు. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బ్యురేటర్‌కీ (కార్బ్) సిలిండర్‌కీ మధ్య ఉండే అరచేతిలో పట్టే నల్ల ముక్కని మాత్రం ఎవరూ చూడరు. లోహపు ప్లేటుకి అంటించిన పొట్టి రబ్బర్ గొట్టం అది. ప్లేటు రీడ్ వాల్వ్ (మిశ్రమాన్ని ఇంజన్‌లోకి ఒకవైపే పోనిచ్చే రేకుల వాల్వ్) మీద బోల్టులతో బిగుస్తుంది, గొట్టంలోకి కార్బ్ మూతి దూరుతుంది, పైన బిగించే క్లాంప్ పట్టీ పడుతుంది. ఇంజన్ వేడి, పెట్రోలు, పెట్రోల్లో కలిసే 2టీ ఆయిల్, గాలిలోని ఓజోన్ అన్నీ దాని మీదే. రబ్బర్ గట్టిపడి బీటలు వారుతుంది. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆ కాలపు రబ్బర్లకి ఇంకాస్త భారం.

నా బండికి రోగం ఇలా బయటపడింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండేది. ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్ రేజింగ్ వెంటనే దిగేది కాదు. కాసేపు అలాగే అరిచి, మెల్లగా దిగి, మళ్లీ తనంతట తనే ఎక్కేది. పక్కనున్న స్కూటరతను నేనేదో రేస్‌కి పిలుస్తున్నానని చూసేవాడు. మెకానిక్ ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) స్క్రూ తిప్పి తగ్గించాడు. దాంతో మర్నాడు చల్లటి ఇంజన్ నిలబడటం మానేసింది. "కార్బ్ అరిగిపోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. ఈ మాట మీద చాలామంది వేలు ఖర్చుపెడతారు. కొత్త కార్బ్ వేసినా చీలిక చీలికలాగే ఉంటుంది కాబట్టి రోగం పోదు.

జరిగేదేంటంటే, కార్బ్ దాటాక చీలిక ఉంటే అక్కణ్ణుంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ఆ గొట్టంలో పీల్పు బాగా ఎక్కువ, అందుకే ఐడ్లింగ్‌లోనే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పూర్తిగా తెరిచి పోతే పీల్పు తగ్గుతుంది, బండి బాగానే లాగుతుంది. "టాప్ స్పీడ్ వస్తోందిగా, ఇంకేంటి" అని జనం వదిలేసేది ఇందుకే. కానీ పెట్రోలు తగ్గిన మిశ్రమం మీద హైవేలో అదే పనిగా లాగిస్తే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. అదీ అసలు టెన్షన్.

కనుక్కోవడం సులువే. వేడి ఇంజన్‌ని ఐడ్లింగ్‌లో పెట్టి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్ కొంచెం లాగండి. చోక్‌తో బండి స్థిమితపడితే గాలి ఎక్కువవుతున్నట్టే. ప్లగ్ విప్పితే కాఫీ రంగులో ఉండాల్సిన మొన సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడుతుంది. తర్వాత ఆ రబ్బర్ చుట్టూ స్ప్రే సీసాతో నీళ్లు కొట్టండి. శబ్దం మారితే దొంగ దొరికినట్టే. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, అది వేడి సైలెన్సర్ పక్కన నిప్పంటుకునే సరుకు, నాకు నీళ్లే నయం. నీళ్లకి ఏ మార్పూ రాకపోతే ఎడమవైపు మ్యాగ్నెట్ వెనక, క్రాంక్ చుట్టూ గాలి పోకుండా ఆపే క్రాంక్ సీల్‌ని అనుమానించండి. అది పోయినా లక్షణాలు అచ్చం ఇవే.

రబ్బర్ విప్పి చూస్తే పైకి నిక్షేపంలా ఉంది. బొటనవేళ్లతో వెనక్కి విరిచినట్టు వంచితే అప్పుడు నోరు తెరిచింది. రబ్బర్ ప్లేటుని కలిసే గాడిలో, కింది వైపు, గోరు దూరేంత చీలిక. బండి మీద ఉండగా అక్కడికి చూపు ఆనదు.

అతికించడానికి ఊళ్లో ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. ఎపాక్సీ ముద్ద రాయిలా గట్టిపడుతుంది, రబ్బర్ వణుకుతుంది, కాబట్టి కొద్ది రోజుల్లోనే పెంకులా లేస్తుంది. సూపర్ గ్లూ కూడా పెళుసే. మామూలు సిలికాన్ గాస్కెట్ పేస్టు పెట్రోలు తగిలితే ఉబ్బి జిగురు తీగల్లా ఊడుతుంది, ఆ తీగలు రీడ్ వాల్వ్‌లో ఇరుక్కుంటే ఇంకో ఖర్చు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం ఇంటికి చేరడానికి పనికొస్తుంది, అంతే.

నిలబడింది కార్ల ముందు అద్దాలు అతికించే నల్ల పాలియురేథేన్ సీలెంట్. అద్దాల షాపుల్లో దొరుకుతుంది. రబ్బర్‌ని పెట్రోలుతో కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డంతా తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. చీలికని వంచి తెరిచి లోపలి గోడల్ని గరుకు కాగితంతో గీకాలి. పని నిలిచేదీ పోయేదీ ఇక్కడే. నిగనిగలాడే పాత రబ్బర్ మీద ఏ మందూ అంటుకోదు. సన్న పుల్లతో సీలెంట్ అడుగుదాకా నింపి, వంపు వదిలేసి, కార్బ్ మూతి సైజు గొట్టం ముక్క ఏదైనా లోపల దూర్చి పెట్టాలి, ఆకారం పోకుండా. గొట్టానికి ముందే ప్లాస్టిక్ కవర్ చుట్టకపోతే అదీ అంటుకుపోతుంది. బయట గాడి చుట్టూ కట్టలా మందంగా వేయొచ్చు. లోపలి వైపు మాత్రం వేలికి గరుకు తగలకూడదు. ఈ సీలెంట్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, కాబట్టి ఎండలో పెట్టడం కంటే నీడలో వారం వదిలేయడం మేలు. తొందరపడేవాళ్లకి ఈ పద్ధతి పడదు.

బిగించేటప్పుడు ప్లేటుని అద్దం మీద పెట్టి చూడండి. ఊగితే, అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్ది చదును చేయాలి, ప్లేటు కింద పడే పలచటి గాస్కెట్ కొత్తది వేయాలి. క్లాంప్‌ని పళ్లు బిగబట్టి తిప్పక్కర్లేదు. అతిగా బిగిస్తే రబ్బర్ క్లాంప్ అంచు దగ్గర కోసుకుపోతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పగా వినలేదు. ఎయిర్ ఫిల్టర్ వైపు కార్బ్‌ని పట్టుకునే రబ్బర్ కూడా ఉంటుంది. శబ్దం కోసం కుర్రాళ్లు ఫిల్టర్ డబ్బా పీకేస్తారు, లేదంటే ఆ రబ్బర్ వదులై వేలాడుతుంటుంది. అప్పుడు కార్బ్ బరువంతా ఇంటేక్ రబ్బర్ ఒక్కటే మోయాలి. ప్రతి గుంతకీ కార్బ్ కిందికి ఊగుతుంది, పై గాడి లాగబడుతుంది, కింది గాడి నలుగుతుంది. నా చవక కొత్త రబ్బర్ ఊడింది ఈ కారణంగానేనేమో అని మొదట అనుకున్నా. కానీ ఫిల్టర్ వైపు సరిచేయకముందు అదే ఏర్పాటు మీద పాత అతుకుది కదలకుండా ఉంది. కొత్తదాంట్లో రబ్బర్‌కీ ప్లేటుకీ మధ్య అంటు నాసిరకం, రబ్బర్ కూడా నొక్కితే మైనంలా మెత్తగా ఉండేది.

అతుకులో లోపాలు లేవని కాదు. కట్ట అంచులు పెట్రోలు చెమ్మకి కొంచెం మెత్తబడ్డాయి. కార్బ్ తీసిన ప్రతిసారీ వంచి చూస్తూనే ఉన్నా. చీలిక గొట్టం చుట్టుకొలతలో సగం దాటినా, రబ్బర్ వంచినప్పుడు కొత్త బీటలు పుట్టుకొస్తున్నా అతుకు జోలికి పోవద్దు. మరీ గట్టిపడి కార్బ్ మూతి దూరకపోతే వింటర్‌గ్రీన్ నూనె, జైలీన్ అనే ద్రావకం కలిపి నానబెట్టే చిట్కా ఉంది. రబ్బర్ మెత్తబడుతుంది, ఇల్లంతా నొప్పుల బామ్ వాసన. చీలిక మాత్రం పూడదు, పైగా జైలీన్ ఆవిరి మంచిది కాదు, ఆరుబయట చేసుకోవాలి.

ఇప్పుడు బండి మీదున్నది హైదరాబాద్ పుత్లీబౌలీలో వెతగ్గా దొరికిన పాత స్టాకు కంపెనీ రబ్బర్. షాపులో కొనేటప్పుడే వంచి చూశా, ఎందుకంటే వాడని రబ్బర్ కూడా డబ్బాలో ఏళ్లు పడుంటే బీటలు వారుతుంది. అమ్మేవాడు కొంచెం చిరాకుపడ్డాడు, పడనీ. వంచనివ్వని షాపులో కొనొద్దు. ఆన్‌లైన్‌లో ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి వచ్చే సరుకులో మంచిదీ నాసిదీ రెండు రకాలూ ఉంటాయి, ఫొటో చూసి తేల్చడం కుదరదు. అతుకు రబ్బర్‌ని పారేయలేదు. టాల్కం పౌడర్ రాసి కవర్లో చుట్టి, ఎండా, మోటార్ల దగ్గరి ఓజోనూ తగలని చోట, సీటు కింద కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టా. దూర ప్రయాణమైతే సంచిలో అదీ, స్క్రూడ్రైవరూ వస్తాయి.